పురుగుమందుల మీద మన రాష్ట్రానికి బోర్డు ఉందా? షాపు నడిపినవాడి జవాబు

మిర్చికి కొట్టిన మందు పనిచేయలేదు, పురుగుమందుల మీద రాష్ట్రంలో బోర్డు ఏదైనా ఉందా, అందులో ఎవరుంటారు, వాళ్లకు ఫిర్యాదు ఎలా పెట్టాలి అని అడిగారు. నేను పదకొండేళ్లు ఒక మండల కేంద్రంలో పురుగుమందుల షాపు నడిపాను. ఒకసారి శాంపిల్ ఫెయిలై కేసు అంచుదాకా వెళ్లొచ్చాను. కౌంటరుకు అవతలి వైపు నుంచి ఈ వ్యవహారం ఎలా ఉంటుందో నాకు తెలిసినంత చెబుతాను.

మీరు అనుకుంటున్నట్టు రాష్ట్రానికంటూ ఒక బోర్డు లేదు. ఉన్న బోర్డు కేంద్రానిది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద ఏర్పడింది. దానికి అధ్యక్షుడు ఎవరో చెబితే మా షాపుకొచ్చే రైతులు నమ్మేవాళ్లు కాదు. వ్యవసాయ శాఖ వాళ్లెవరూ కాదు, ఢిల్లీలోని ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్, అంటే డాక్టరు గారు. సభ్యుల్లో డ్రగ్స్ కంట్రోలర్, మొక్కల సంరక్షణ సలహాదారు, ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), ఐసీఏఆర్ (వ్యవసాయ పరిశోధన మండలి) పెద్దలతో పాటు రైల్వే, షిప్పింగ్ శాఖల వాళ్లు కూడా ఉంటారు. పురుగుమందుకీ ఓడలకీ ఏం సంబంధం అంటారా? 1958లో కేరళలో పారాథియాన్ అనే మందు ఓడలో తిండి సరుకు మీద ఒలికి, ఆ పిండి తిని వంద మందికి పైగా చనిపోయారు. ఈ చట్టం ఆ చావుల్లోంచే పుట్టింది. అందుకే దాని పోకడ పంట కంటే ప్రాణం వైపు ఎక్కువ మొగ్గుతుంది. మీ మిర్చి ఎండిపోతే నష్టపరిహారం ఇప్పించే సెక్షన్ అందులో వెతికినా దొరకదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఆ బోర్డు సలహాలిస్తుంది. ఏ మందు అమ్మొచ్చో, ఏ పంటకు ఎంత మోతాదులో కొట్టాలో తేల్చేది దాని పక్కనున్న రిజిస్ట్రేషన్ కమిటీ. ఛైర్మన్ కాక ఐదుగురికి మించకుండా సభ్యులుంటారు. ఆఫీసు ఫరీదాబాద్‌లో. డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందంటే అక్కడి నుంచి వచ్చిందన్నమాట. ఇక్కడో మాట. ‘బయో’ అని చెప్పి పెద్ద రేటుకు అంటగట్టే బాటిళ్లు చాలావాటి మీద ఈ నంబరు ఉండదు. పురుగు చస్తుందని చెప్పి అమ్మే దేనికైనా అది ఉండాల్సిందే. నా షాపులో కూడా ఒకట్రెండు సీజన్లు అలాంటివి పెట్టాను. ఒప్పుకుంటున్నాను.

రాష్ట్రం చేతిలో ఉన్నవి లైసెన్సులు, ఇన్స్పెక్టర్లు, ల్యాబులు. లైసెన్సు ఇచ్చే అధికారిని, ఇన్స్పెక్టర్లను, శాంపిల్ పరీక్షించే అనలిస్టులను రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫై చేస్తుంది. మన దగ్గర ఇన్స్పెక్టర్ అంటే వేరే ఎవరో కాదు, మీ మండల వ్యవసాయాధికారే. ఏఓ గారంటే ఎరువుల కూపన్లు, మీటింగులు అనుకుంటాం గానీ, షాపులోకి వచ్చి తనిఖీ చేయడానికీ, రికార్డులు అడగడానికీ, అనుమానమున్న సరుకు అమ్మకం 30 రోజుల వరకు ఆపించడానికీ ఆయనకు అధికారం ఉంది. ఒక మందును పూర్తిగా నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి లేదు. మనుషులకు ముప్పు ఉందనుకుంటే 60 రోజులు ఆపగలదు, ఇంకో 30 రోజులు పొడిగించగలదు, అంతే. 2017లో యవత్మాల్‌లో మందు కొడుతూ రైతులు, కూలీలు చనిపోయినప్పుడు మహారాష్ట్ర అలాగే ఐదు మందులను ఆపింది.

ఇక నా కథ. ఆ ఏడు మిర్చిలో తామర పురుగు విపరీతంగా ఉంది. ఒక కంపెనీ మందు రెండుసార్లు కొట్టినా పురుగు అలాగే ఉందని నలుగురు రైతులు ఏఓ దగ్గరికి వెళ్లారు. మర్నాడు పదకొండింటికి ఆయన ఇద్దరు సాక్షులతో షాపుకొచ్చారు. అదే బ్యాచ్‌వి సీలు తీయని బాటిళ్లు మూడు అడిగి తీసుకున్నారు. వాటి ధర లెక్కకట్టి చేతికిచ్చి రసీదు రాయించుకున్నారు, నాకది వింతగా అనిపించింది. ఒక్కొక్కటీ విడిగా గుడ్డలో చుట్టి, పురికొస కట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి ముడి మీద పోసి సీలు వేశారు. షాపంతా ఆ లక్క వాసన. ఒకటి నాకే ఇచ్చి జాగ్రత్త చేసుకోమన్నారు, రెండోది ల్యాబుకు, మూడోది కోర్టు కోసం. సంతకం పెడుతుంటే టెన్షన్‌తో నా పేరు నేనే తప్పు రాశాను.

రిపోర్టు 30 రోజుల్లో రావాలి. నాకు అంతకంటే ఆలస్యంగా వచ్చింది. ‘మిస్‌బ్రాండెడ్’. అంటే లేబుల్ మీద రాసినంత అసలు మందు అందులో లేదు. దాన్ని కాదనాలంటే రిపోర్టు అందిన 28 రోజుల్లోపు రాసివ్వాలి. కంపెనీ రాసిచ్చింది, శాంపిల్ ఫరీదాబాద్‌లోని సెంట్రల్ ల్యాబుకు వెళ్లింది. అక్కడా ఫెయిలే. అక్కడి రిపోర్టే ఆఖరు మాట.

డీలరుకు చట్టంలో ఒక దారి ఉంది. లైసెన్సున్న వాళ్ల దగ్గరే కొన్నానని, లోపం నాకు తెలియదని, సరుకును వచ్చింది వచ్చినట్టే సరిగ్గా నిల్వ ఉంచానని రుజువు చేసుకుంటే బయటపడొచ్చు. మొదటి దానికి ఇన్వాయిస్ ఉంది. మూడో దాని దగ్గరే నేను ఇరుక్కున్నాను. నా గోడౌన్‌కు పైకప్పు రేకులు. మే నెలలో లోపలికి వెళ్తే నిలబడలేం. కంపెనీ మనిషి ‘ఎండకు పాడుచేసింది డీలరే’ అని అధికారుల ముందే అనేశాడు. రేకుల కింద ఫాల్స్ సీలింగ్ వేయించిన బిల్లు దొరికింది కాబట్టి సరిపోయింది. అయినా ఒక సీజన్ లైసెన్సు సస్పెన్షన్‌లో ఉంది. ఆ నలుగురు రైతుల్లో ఇద్దరు ఇప్పటికీ నన్ను పలకరించరు, వాళ్ల తప్పేం లేదు.

మీ విషయానికొస్తే, సగం వాడిన మీ బాటిల్‌తో కేసు నిలబడదు. నిలబడేది షాపులో సీలుతో ఉన్న అదే బ్యాచ్. కాబట్టి ఆ స్టాకు అయిపోకముందే, వీలైతే ఈరోజే, బ్యాచ్ నంబరున్న బాటిల్, బిల్లు పట్టుకుని ఏఓకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. బాటిల్ కడిగేయొద్దు. ఏఓ కదలకపోతే అదే నకలుతో జిల్లా వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లండి. పంట నష్టం డబ్బు కోసమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. రైతు కూడా వినియోగదారుడేనని 2012లో విత్తనాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాడైన మొక్కల ఫొటోలు, కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు చూసి రాసిచ్చిన కాగితం ఉంటే అక్కడ బలం.

బిల్లు లేకపోతే మాత్రం కష్టం. ‘బిల్లు వద్దులే అన్నా, ఓ వంద తగ్గించు’ అని నా కౌంటరు దగ్గర వారానికి పదిమంది అడిగేవాళ్లు. నేనూ తగ్గించేవాణ్ణి.