హోమ్ థియేటర్‌లో మాటలు వినపడవు, పాటలు మాత్రం మోగిపోతాయి. రిమోట్‌లో ఏ బటన్ వాడాలి?

మాటలు వినపడాలని వాల్యూమ్ పెంచితే పాట రాగానే ఇల్లు అదిరిపోతోందనీ, తగ్గిస్తే డైలాగ్ ఒక్కటీ అర్థం కావడం లేదనీ, కొత్త 5.1 సెట్ రిమోట్‌లో ఇన్ని బటన్లలో ఏది నొక్కాలో తెలియడం లేదనీ రాశారు. దీనికి వాల్యూమ్ బటన్‌తో పని కాదండీ. మీకు కావలసింది సెంటర్ స్పీకర్ లెవెల్. సినిమాలో మాటలు దాదాపు అన్నీ టీవీ కింద పెట్టే ఆ ఒక్క స్పీకర్‌లోంచే వస్తాయి. వాల్యూమ్ పెంచితే ఐదు స్పీకర్లూ, దడదడలాడే లోతు శబ్దాలిచ్చే సబ్‌వూఫరూ కలిసి పెరుగుతాయి కాబట్టి మాటకీ మోతకీ మధ్య తేడా అలాగే ఉండిపోతుంది.

మాది తిరుపతి, కొర్లగుంట. మా అమ్మకు ఈ మధ్య వినికిడి కాస్త తగ్గింది. సాయంత్రం ఎస్వీబీసీలో ప్రవచనం పెట్టుకుంటుంది, ఆదివారం మాతో కూర్చుని సినిమా చూస్తుంది. "మీరంతా నవ్వుతా ఉంటే ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలీడం లేదు నాయనా" అని ఆమె అన్నప్పటి నుంచి ఈ రిమోట్ సంగతి శ్రద్ధగా పట్టించుకున్నాను. మా ఇంట్లో పనికొచ్చింది రాస్తున్నాను.

ముందు టెస్ట్ టోన్ పెట్టండి. కొన్ని రిమోట్లలో దానికి విడిగా బటన్ ఉంటుంది, లేకపోతే సెటప్ మెనూలో స్పీకర్ లెవెల్ కింద దొరుకుతుంది. ఆన్ చేయగానే వాన పడుతున్నట్టు ఒక హోరు ముందు ఎడమ స్పీకర్‌లో మొదలై, సెంటర్, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఇలా చుట్టూ తిరుగుతుంది. వినాల్సింది స్పీకర్ దగ్గర నిలబడి కాదు, రోజూ కూర్చునే చోట కూర్చుని. నేను అమ్మను సోఫాలో ఆమె చోటులోనే కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని, హోరు ఎక్కడ తగ్గితే అక్కడ చెయ్యి ఎత్తమన్నాను. సెంటర్ దగ్గరికి రాగానే చెయ్యి లేచింది. అప్పుడు లెవెల్ బటన్ నొక్కి, డిస్‌ప్లే మీద సెంటర్ అని పడేదాకా జరిపి, ప్లస్ 3 డెసిబెల్స్ పెట్టాను. మరో చుట్టుకి చెయ్యి లేవలేదు.

మీరు కూడా 2 నుంచి 4 డెసిబెల్స్ మధ్య చూడండి, చాలు. 10 పెంచితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపు అయినట్టుంటుంది, అప్పుడు మాటలు మిగతా సౌండ్ నుంచి విడిపోయి ముందుకు తోసుకొచ్చినట్టు వినిపిస్తాయి. కొన్ని సెట్లలో ఇదే పని చేసే బటన్‌కు వాయిస్ అనో డైలాగ్ అనో పేరుంటుంది. సెంటర్ స్పీకర్ టీవీ స్టాండ్ అరలో లోపలికి ఉంటే అంచుదాకా లాగి, ముందు వైపు కొంచెం పైకి లేపి మనిషి చెవి వైపు తిప్పండి. ఏ బటనూ ఇవ్వలేని స్పష్టత దీంతో వస్తుంది.

ఇంకో సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది. అసలు మీ సెట్‌కి 5.1 సిగ్నల్ అందుతోందా? సినిమా నడుస్తుండగా డిస్‌ప్లే చూడండి. డాల్బీ డిజిటల్ అని ఉంటే సరే. పీసీఎం అని ఉంటే టీవీ నుంచి రెండే ఆడియో ఛానళ్లు, అంటే ఎడమ, కుడి శబ్దాలు మాత్రమే వస్తున్నట్టు అనుకోవచ్చు. టీవీ శబ్దాన్ని సెట్‌కి పంపే ఏఆర్‌సీ హెచ్‌డీఎంఐ అయినా, ఆప్టికల్ కేబుల్ అయినా పీసీఎం రెండు ఛానళ్లకే పరిమితం. టీవీ రిమోట్ తీసుకుని సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎం నుంచి ఆటోకో, శబ్దాన్ని వచ్చింది వచ్చినట్టే సెట్‌కి పంపే బిట్‌స్ట్రీమ్‌కో మార్చండి. ఓటీటీ యాప్‌లో కూడా ఆడియో దగ్గర తెలుగు, తెలుగు 5.1 అని రెండు ఉంటే రెండోది ఎంచుకోండి. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌లోని ఆడియో బటన్ మామూలుగా భాష మార్చడానికి. మన వైపు తమిళం, తెలుగు రెండూ చూసే ఇళ్లు ఎక్కువ కదా, పిల్లల ఛానళ్లలో దాని అవసరం బాగా పడుతుంది. సరౌండ్‌కీ దానికీ సంబంధం లేదు.

సౌండ్ మోడ్ లేదా సరౌండ్ అనే బటన్ మాత్రం రోజూ వాడాల్సిందే. రెండు ఛానళ్లలో వచ్చే ప్రోగ్రామ్‌కి ప్రో లాజిక్ మోడ్ పెడితే, రెండు వైపులా సమానంగా ఉన్న శబ్దాన్ని, అంటే సాధారణంగా మాటల్ని, సెట్ విడదీసి సెంటర్‌కి పంపుతుంది. అమ్మ ప్రవచనానికి నేను పెట్టేది అదే. సంగీతానికి మాత్రం వద్దు. అన్నమయ్య కీర్తనల పాత మోనో రికార్డింగ్ ఆ మోడ్‌లో పెడితే పాట మొత్తం ఆ చిన్న సెంటర్ స్పీకర్‌లోకి పోయి బిగుసుకుపోతుంది. కచేరీ వినేటప్పుడు స్టీరియో మోడ్ పెట్టండి, తంబురా నిండుగా వినిపిస్తుంది. హాల్, స్టేడియం లాంటి మోడ్లు లేని ప్రతిధ్వనిని కలుపుతాయి. టైల్స్ ఫ్లోరూ బోసి గోడలూ ఉన్న మన హాళ్లలో ఇప్పటికే ఉన్న ప్రతిధ్వనికి అది తోడైతే మాట ఇంకా చెదిరిపోతుంది. సోఫా ముందు ఒక మందపాటి కార్పెట్, కిటికీలకు బరువైన కర్టెన్లు వేస్తే మంచి తేడా వస్తుంది.

రాత్రి పూట నైట్ మోడ్ వాడండి. కొన్నిటిలో డీఆర్‌సీ అని ఉంటుంది. పెద్ద శబ్దాలను అణచి చిన్న శబ్దాలను పైకి తెస్తుంది, మీ ప్రశ్నకు ఇదీ నేరుగా సమాధానమే. పగలు తీసేయండి, పాటల్లో ఊపు తగ్గిపోతుంది. సబ్‌వూఫర్‌కి విడిగా ప్లస్, మైనస్ ఉంటాయి. పై పోర్షన్ వాళ్లకు మన డైలాగులకంటే ఆ దడదడే ముందు తెలుస్తుంది, పది దాటాక తగ్గించడం మర్యాద.

పెదవులకీ మాటకీ పొంతన కుదరకపోతే ఏవీ సింక్ అనే బటన్ ఉంది. అది ఆడియోను ఆలస్యం చేయగలదు గానీ ముందుకు తేలేదు. బొమ్మ వెనకబడితే దాన్ని పెంచండి. మాటే వెనకబడితే దాన్ని సున్నాకి తెచ్చి, టీవీలోని ఆడియో డిలే కూడా సున్నాలో ఉందో లేదో చూడండి.

అన్నీ కుదిరాక ఆ లెవెల్స్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కరెంటు ఎక్కువసేపు పోతే కొన్ని సెట్లు మళ్లీ మొదటికొస్తాయి. డిస్‌ప్లే మీద ఏమని పడుతోందో, టీవీకి ఏ కేబుల్‌తో కలిపారో రాయండి, మీ రిమోట్‌లో ఆ లెవెల్ ఎక్కడుంటుందో చూసి చెప్తాను.