టేపు లైబ్రరీ డిజిటైజేషన్, ఆర్కైవ్ సిస్టమ్ కట్టించడానికి వెండర్‌ని ఎలా ఎంచుకోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీది ప్రాంతీయ చానల్, దాదాపు 20 వేల టేపులు ఉన్నాయి. టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇంజెస్ట్ డెస్క్, క్లిప్పుల వివరాలు పెట్టి వెతికే మీడియా అసెట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్, ఫైళ్ళను డేటా టేపు క్యాట్రిడ్జ్‌ల మీద దాచే ఎల్‌టీవో లైబ్రరీ అన్నీ కలిపి కొత్తగా కట్టించాలి. మూడు కంపెనీలు డెమో ఇచ్చాయి, మూడూ బాగానే కనిపించాయి. పర్చేజ్ వాళ్ళేమో ఎల్‌1, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాళ్ళు ఎవరైతే వాళ్ళకే ఇచ్చేద్దాం అంటున్నారు.

హైదరాబాద్‌లో ఒక తెలుగు చానల్ టెక్నికల్ విభాగంలో ఉండగా నేను ఈ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి గట్టి దెబ్బే తిన్నాం. ముందే ఒక మాట చెప్పేస్తాను. డెమో మీ టేపులతో, మీ తెలుగుతో చేయించండి. పీవో (పర్చేజ్ ఆర్డర్) మీద సంతకం పెట్టకముందే, "రేపు మేం మీతో తెగతెంపులు చేసుకుంటే మా సరుకు మా చేతికి ఎలా వస్తుంది?" అని అడిగి, చేసి చూపించమనండి. నా లెక్కలో వెండర్‌ని తేల్చేది ఈ రెండే. ధర వీటి తర్వాత.

మా మొదటి సిస్టమ్ 2012లో పెట్టాం. ఎల్‌టీవో-5 (ఐదో తరం) డ్రైవులు రెండు, క్యాట్రిడ్జ్‌లను తనే తీసి పెట్టే చిన్న రోబో లైబ్రరీ. ఆ వెండర్ సాఫ్ట్‌వేర్ ఎల్‌టీవో టేపు మీద తన సొంత ఫార్మాట్‌లో రాసేది. ఎవరి మెషిన్‌లో పెట్టినా ఫోల్డర్లలా తెరుచుకునే ఎల్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి 2010లో ఎల్‌టీవో-5తో పాటే వచ్చింది. అది కావాలని అడగాలన్న సంగతే మాకు తెలియదు. ఏ క్లిప్ ఏ క్యాట్రిడ్జ్‌లో ఎక్కడుందో వాళ్ళ డేటాబేస్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఐదారేళ్ళు గడిచాక ఆ కంపెనీ ఆ ప్రొడక్టునే ఆపేసింది. మాకు సపోర్ట్ ఇచ్చే కుర్రాళ్ళు తలో ఉద్యోగం చూసుకున్నారు. లైసెన్సేమో పాత సర్వర్‌కి ముడిపెట్టి ఉంది, కొత్త మెషిన్‌లోకి మార్చే దారి లేదు. ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్) డబ్బులు మాత్రం కడుతూనే ఉన్నాం.

2020 సెప్టెంబర్ 25 మధ్యాహ్నం బాలు గారు పోయారన్న వార్త వచ్చింది. డెస్క్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. 2005లో మా స్టూడియోలోనే ఆయనతో గంటసేపు చేసిన ఇంటర్వ్యూ ఉందని పాతవాళ్ళందరికీ గుర్తుంది. సిస్టమ్‌లో "ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం" అని కొడితే మూడు ఆడియో ఫంక్షన్ల ఫుటేజీ వచ్చింది గానీ ఇంటర్వ్యూ రాలేదు. మా లైబ్రరీ చూసే పెద్దాయన ఒకరుండేవారు, అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన బీరువాలోంచి పాత రిజిస్టర్ తీసి, వేలితో వరసలు చూసుకుంటూ వెళ్ళి, ఓ పావుగంటలో నంబర్ చెప్పారు. ఆ నంబర్‌తో వెతికితే క్లిప్ దొరికింది. డేటా ఎంట్రీ చేసినవాళ్ళు "బాలసుబ్రమణ్యం" అని కొట్టారు. ఒక్క 'హ' లేకపోవడం వల్ల ఆ ఇంటర్వ్యూ ఎనిమిదేళ్ళు ఎవరికీ కనపడలేదు.

సరే దొరికింది కదా అని ఎల్‌టీవో నుంచి వెనక్కి తెచ్చే రిస్టోర్ పెడితే సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఒక డ్రైవ్ అప్పటికే రిపేర్‌కి వెళ్ళింది, ఉన్న ఒక్కటీ ఎల్‌టీవో టేపును చదవడం లేదు. చివరికి అప్పట్లో షూట్ చేసిన ఒరిజినల్ డీవీక్యామ్ వీడియో టేపే దిక్కయింది. డిజిటైజ్ అయిపోయాయి కదా, టేపులన్నీ స్క్రాప్‌కి వేసేద్దామని అంతకు ముందు ఏడాదే అడ్మిన్ వాళ్ళు అన్నారు. బాబాయ్ ఒప్పుకోలేదు. ఆయన అడ్డం పడకపోయి ఉంటే ఆ గంట ఇక లేదు. రాత్రి బులెటిన్‌లో ఆ విజువల్స్ పోతున్నప్పుడు ఎంసీఆర్‌లో (ప్రసారం నడిపే కంట్రోల్ రూమ్‌లో) ఎవరూ మాట్లాడలేదు.

రెండోసారి వెండర్ కోసం వెతికినప్పుడు ముందు డెమోలన్నీ ఆపించాం. వచ్చిన మూడు కంపెనీల్లో ఒక్కోదానికీ పదేసి టేపులు ఇచ్చి, వారం గడువిచ్చాం. వాటిని బాబాయ్ ఏరి మరీ ఇచ్చారు. అంచున తెల్లగా బూజు పట్టిన బీటాక్యామ్ ఎస్పీ అనే పాతరకం వీడియో టేపు ఒకటి. రిపోర్టర్ మధ్యలో బ్యాటరీ మార్చినప్పుడల్లా టైమ్‌కోడ్ (టేపు మీద పడే గంట-నిమిషం లెక్క) మళ్ళీ సున్నా నుంచి మొదలైన, ఎడిట్ చేయని రష్ టేపు ఒకటి. ఒకే టేపులో సగం పెళ్ళి కవరేజీ, సగం అసెంబ్లీ ఉన్నది ఇంకొకటి. ఇలాంటివే అన్నీ.

వారం తర్వాత ఫలితాలు చూస్తే మూడు కంపెనీల మధ్య ఉన్న తేడా అప్పుడు తెలిసింది. ఒకరి సాఫ్ట్‌వేర్ టైమ్‌కోడ్ తెగిన ప్రతిచోటా కొత్త ఫైల్ చేసేసింది. అరగంట టేపు 41 ముక్కలైంది. రెండో కంపెనీ ఫైల్ చూడ్డానికి శుభ్రంగా ఉంది. మేమంతా బాగుందనే అన్నాం. బాబాయ్ హెడ్‌ఫోన్ పెట్టుకుని పది నిమిషాలు విని, "రెండో చానల్ ఏదీ బాబూ?" అని అడిగారు. ఫీల్డ్ టేపుల్లో ఒకటో ఆడియో చానల్‌లో రిపోర్టర్ మైకు, రెండో దాంట్లో కెమెరా మైకులో పడ్డ చుట్టుపక్కల చప్పుడు ఉంటాయి. వాళ్ళు ఒకటో చానల్‌నే రెండుసార్లు కాపీ చేసి స్టీరియో అన్నారు. జనం నినాదాలు, డప్పులు, ఏడుపులు అన్నీ పోయాయి. మా దగ్గరున్న పదిహేను వేల గంటలూ అలా ఎక్కించేశాక బయటపడి ఉంటే ఏం చేసేవాళ్ళమో ఆలోచించడానికే భయమేస్తుంది. మూడో కంపెనీ బూజు టేపును వీటీఆర్‌లో (వీడియో టేపు ఆడించే మెషిన్‌లో) పెట్టనే లేదు. ముందు క్లీనింగ్ చేయాలి, లేదంటే టేపును చదివే హెడ్ పోతుంది, తర్వాతి టేపులకీ అంటుకుంటుంది అని రాసి వెనక్కి పంపారు. తొమ్మిదే చేసి ఇచ్చినా పని వాళ్ళకే వెళ్ళింది. వాళ్ళది ఎల్‌1 కానే కాదు.

తెలుగు సంగతి మీరు విడిగా పరీక్షించాలి. డెమోలో అందరూ ఇంగ్లిష్‌లో వెతికి చూపిస్తారు. మీ దగ్గర పాత స్లగ్‌లు (వార్తలకు పెట్టే పొట్టి పేర్లు), స్క్రిప్టులు యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో ఉంటే, అవి యూనికోడ్ సిస్టమ్‌లోకి నేరుగా వస్తే అర్థంపర్థం లేని గుర్తుల్లా కనపడతాయి. మార్చే పని ఎవరిది, ఎవరు సరిచూస్తారు అన్నది కొటేషన్‌లోనే రాయించండి. యూనికోడ్‌లో ఉన్నా గొడవ తీరదు. "రాజ్‌కుమార్" అని రాస్తే జకార పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది. అది లేకుండా టైప్ చేస్తే "రాజ్కుమార్" అవుతుంది. మనకు ఒకే పేరు, మెషిన్‌కి రెండు. ఇంటిపేరు ముందు పెట్టడం, పొట్టి అక్షరాలు, "రెడ్డి" కలిపి రాయడం, విడిగా రాయడం ఇవన్నీ మనకు రోజూ ఉండేవే. మేం నలభై పేర్లు, ఊర్లు ఒక కాగితం మీద రాసి, ఒక్కోటీ మూడు నాలుగు రకాలుగా కొట్టించి చూశాం. ఒక పేరుకున్న రూపాలన్నీ ఒక్కచోట కట్టే జాబితా మన చేతుల్లో ఉండాలి, వెండర్‌కి టికెట్ వేసి ఎదురుచూసేలా ఉండకూడదు.

ఇక లెక్కలు. బీటాక్యామ్‌ని ఐఎంఎక్స్ 50 అనే వీడియో ఫైల్ ఫార్మాట్‌లో దాస్తే ఆడియోతో కలిపి గంటకు 25 జీబీ దాటుతుంది. మాకు పదిహేను వేల గంటలకు సుమారు 400 టీబీ తేలింది. ఒక కొటేషన్‌లో ఎల్‌టీవో-8 క్యాట్రిడ్జ్‌లు కాపీకి 14 చాలన్నారు. ఎలాగంటే, డబ్బా మీద 30 టీబీ అని ఉంటుంది, అది డేటా కంప్రెస్ అయితే వచ్చే అంకె. వీడియో అప్పటికే కంప్రెస్ అయి ఉంటుంది కాబట్టి టేపు దాన్ని ఇంకా కుదించలేదు. అసలు సామర్థ్యం 12 టీబీ. అంటే కాపీకి 34, 35 కావాలి, రెండు కాపీలకు దాదాపు 70. తక్కువ కోట్ చేశారని సంబరపడేముందు ఇలాంటివి వెతకండి. ఎల్‌టీవో-8 డ్రైవ్ ఒక్క తరం వెనక్కే చదువుతుంది, ఎల్‌టీవో-6 టేపు దానికి పనికిరాదు. అందుకని కొన్నేళ్ళకోసారి అంతా కొత్త తరానికి ఎక్కించే ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో చూపించాలి. ఎస్‌డీ (పాత, తక్కువ రిజల్యూషన్) మెటీరియల్‌ని హెచ్‌డీకి పెంచి దాచే ప్రతిపాదన వస్తే ఒప్పుకోకండి. ఉన్నది ఉన్నట్టు దాచుకుని, వాడేటప్పుడు పెంచుకోవచ్చు.

"మీకోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ రాసిస్తాం" అనేవాళ్ళతో ఇంకా జాగ్రత్త. బీబీసీ అంతటి సంస్థ డిజిటల్ మీడియా ఇనీషియేటివ్ పేరుతో 2008లో ఈ పనే సీమెన్స్‌కి అప్పగించింది. 2009లో ఆ ఒప్పందం ముగించి తానే తలకెత్తుకుంది, 2013 మేలో మొత్తం ఆపేసింది. తేలిన నష్టం 9 కోట్ల 84 లక్షల పౌండ్లు. అంత సొమ్ము, అంతమంది ఇంజినీర్లు ఉన్నచోటే అలా అయింది. మన స్థాయికి, మరో చానల్‌లో ఇప్పటికే నడుస్తున్న ప్రొడక్టు తీసుకుని, మన పద్ధతినే దానికి తగ్గట్టు కొంచెం మార్చుకోవడం మేలని నా అభిప్రాయం. ఆ చానల్‌కి సేల్స్ మనిషి లేకుండా వెళ్ళండి. అక్కడి డిపార్ట్‌మెంట్ హెడ్ చెప్పేదానికన్నా నైట్ షిఫ్ట్ ఇంజెస్ట్ కుర్రాడు చెప్పేది వినండి. సిస్టమ్ హ్యాంగ్ అయినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తావ్, ఎంతసేపటికి ఎత్తుతారు అని అడగండి.

తెగతెంపుల పరీక్ష మేం ఇలా చేశాం. వాళ్ళ సిస్టమ్‌తో రాసిన ఎల్‌టీవో క్యాట్రిడ్జ్ ఒకటి బయటికి తీయించి, వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఏదీ లేని వేరే కంప్యూటర్‌కి విడి డ్రైవ్ తగిలించి, అందులో పెట్టాం. ఫైళ్ళు కనపడ్డాయి, కాపీ అయ్యాయి, ఎడిట్ టైమ్‌లైన్‌లో ఆడాయి. డేటాబేస్ మొత్తం సీఎస్‌వీగా (ఎక్కడైనా తెరుచుకునే మామూలు పట్టికగా) తీసి ఇవ్వమంటే పూటలో ఇచ్చారు, తెలుగు చెక్కుచెదరలేదు. మిగతా ఇద్దరిలో ఒకరు "ఆ అవసరం ఎందుకొస్తుంది సార్" అని నవ్వారు. రెండో ఆయన టీబీకి ఇంత అని రేటు చెప్పాడు. ఈ పరీక్ష ఆర్నెల్లకోసారి చేయాలని కాంట్రాక్టులోనే పెట్టాం. డబ్బు టేపుకింత అని ఇవ్వలేదు, మనవాళ్ళు చూసి ఓకే చేసిన గంటకింత అని ఇచ్చాం. టేపు లెక్కన ఇస్తే నాణ్యత చూడకుండా పని పరుగులు పెడుతుంది.

గడువు గురించి కూడా ఒక మాట. టేపు ఎంతసేపు ఉంటే ఎక్కించడానికి అంతసేపూ పడుతుంది. నాలుగు వీటీఆర్లు, రోజుకు నికరంగా పన్నెండేసి గంటలు నడిస్తే 48 గంటల మెటీరియల్. పదిహేను వేల గంటలకు 300 పనిదినాలు దాటుతాయి. నాలుగు నెలల్లో చేసేస్తాం అన్నవాళ్ళని ఎన్ని డెక్కులు (వీటీఆర్లు) తెస్తున్నారో అడగండి. బీటాక్యామ్ తరగతి అరంగుళం వీటీఆర్ల అమ్మకాలు సోనీ 2016లోనే ముగించింది, మంచి హెడ్ ఉన్న మెషిన్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. మీ దగ్గర పనిచేసేవి ఎన్ని ఉన్నాయి, వాటి డ్రమ్ అవర్స్ (హెడ్ తిరిగిన గంటలు) ఎంత, 20 వేలల్లో బీటాక్యామ్ ఎన్ని, డీవీక్యామ్ ఎన్ని? అవి ఇక్కడ రాస్తే ముందు ఏవి ఎక్కించాలో వరస చెప్పగలను. ఈలోగా స్క్రాప్ మాట ఎవరెత్తినా ఆ గది తాళం మీ దగ్గరే పెట్టుకోండి.