కొండల మీద ఒళ్ళు నీరు పడితే నీళ్ళు మానేయాలా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది అనంతపురం. ఇరవై ఏళ్ళుగా బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. నాకు 43 ఏళ్ళు, బీపీ గాని షుగరు గాని లేవు. మొన్న జూన్‌లో కుటుంబమంతా విమానంలో లేహ్ వెళ్ళి, మూడో రోజు రాత్రి పాంగాంగ్ సరస్సు దగ్గర బస చేశాం. తెల్లవారి లేచేసరికి నా కనురెప్పలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఉంగరం సబ్బునురగ పెడితే గాని ఊడి రాలేదు, మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయాయి. నీళ్ళు ఎక్కువ తాగడం వల్లే ఒళ్ళు నీరు పట్టిందని మా తోడికోడలు అనడంతో రెండు రోజులు గొంతు తడుపుకోవడానికి తప్ప తాగలేదు. మావారికీ పిల్లలకూ ఏమీ కాలేదు. బెంగళూరు వచ్చిన మూడు రోజులకు వాపు దానంతటదే తీసింది. నా మూత్రపిండాలలో లోపమేమైనా ఉందా? వచ్చే ఏడాది కేదార్‌నాథ్ వెళ్ళాలనుకుంటున్నాం, వెళ్ళవచ్చా?

జవాబు: అమ్మా, మూత్రపిండాల జబ్బు వల్ల వచ్చిన వాపు కిందికి దిగిన మూడు రోజుల్లో మందు లేకుండా తీసిపోవడం అరుదు. అయినా మనసు నిమ్మళించడానికి ఒకసారి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష, మూత్రంలో ప్రొటీన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. అవి సరిగా ఉంటే ఆ భయం వదిలేయవచ్చు. మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించిన మాట ఆ రెండు రోజులు మీరు నీళ్ళు మానేయడం.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది గాని, గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు పడిపోతుంది కాబట్టి ఒక్కో ఊపిరితో లోపలికి చేరే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి మనకు తెలియకుండానే ఊపిరి వేగం పెరుగుతుంది, దానితో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం హెచ్చుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్ అనే క్షారాన్ని బయటికి పంపుతాయి, దాని వెంట సోడియమూ నీరూ పోతాయి. లేహ్‌లో దిగిన రోజు రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి రావడానికి కారణం ఇదే, అది శరీరం ఎత్తుకు అలవాటు పడుతున్నదనడానికి మంచి గుర్తు కూడా. దీని ఫలితంగా మొదటి కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం 10 నుంచి 20 శాతం దాకా తగ్గుతుంది. ఆ రోజుల్లో పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తుంది గాని అది రక్తం చిక్కబడటం వల్లనే. కొత్త ఎర్రకణాలు తగినన్ని తయారుకావడానికి వారాలు పడుతుంది. దీనికి తోడు అక్కడి పొడి చలిగాలిలో ప్రతి ఊపిరితోనూ కొంత తేమ పోతూనే ఉంటుంది.

ఒకపక్క ఇంత నీరు పోతుంటే మరోపక్క వాపు ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. ఒంట్లో మొత్తం నీరు ఎంత ఉందన్నది ఒక సంగతి, అది ఏ అరలో ఉందన్నది మరొకటి. ఆక్సిజన్ తగ్గినప్పుడు సన్నని రక్తనాళాల గోడల నుంచి ద్రవం కణజాలంలోకి ఊరుతుంది. రోజంతా కారులో కాళ్ళు వేలాడేసి కూర్చోవడం, దారిలో తిన్న నూడుల్స్, ఊరగాయల ఉప్పు, తొందరపడి పైకి ఎక్కడం దాన్ని హెచ్చిస్తాయి. అందుకే ముఖం ఉబ్బిన మనిషికే రక్తంలో నీరు తక్కువై ఉండవచ్చు. అటువంటప్పుడు నీళ్ళు మానేస్తే వాపు తీయదు సరికదా, తలనొప్పి, నీరసం, మూత్రంలో మంట వచ్చి చేరతాయి.

ఈ వాపు మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తుందని పర్వతవైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. ఆడవారి హార్మోనైన ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల దాహమూ, నీటిని నిలిపే హార్మోనూ కాస్త ముందుగానే మేల్కొంటాయి. ఆడవారి మరో హార్మోను ప్రొజెస్టెరాన్ ఊపిరిని పెంచుతుంది, ఉప్పు నిలవ మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. అంతమాత్రాన ఆడవారి ఒళ్ళు కొండలకు పనికిరాదనుకోకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రాణాంతకమైన జబ్బు మగవారిలోనే ఎక్కువ. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది.

నీళ్ళ విషయం ఇంకొంచెం చెప్పాలి. కొండదారుల్లో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో పొద్దుటి నుంచీ చుక్క నీరు ముట్టని ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు, వారి మీద నాకు కోపం లేదు, ఆ ఇబ్బంది నిజమైనదే. కాని ఒక గొడుగు, ఒక పెద్ద చున్నీ వెంట ఉంచుకుని, రెండు గంటలకొకసారి బండి ఆపమని అడగడానికి మొహమాటపడకండి. దాహమైనప్పుడల్లా తాగండి, మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే ఆ రంగు ముదురుతుంది, దాన్ని చూసి కంగారుపడకండి. అలాగని దాహం లేకపోయినా లీటర్లకు లీటర్లు తాగడమూ మంచిది కాదు. చిన్న శరీరమున్నవారిలో రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

కేదార్‌నాథ్ తప్పక వెళ్ళవచ్చు. పాంగాంగ్ సుమారు 4,250 మీటర్లు. లేహ్‌లో రెండు రాత్రులు మాత్రమే గడిపి, ఒక్కసారిగా 750 మీటర్లు పైన పడుకున్నారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 2,000 మీటర్లు. అందువల్ల కింద ఒకటి రెండు రాత్రులు ఉండి, నడకను తొందర లేకుండా సాగించండి. ఉంగరాలు ఇంట్లోనే ఉంచండి. మెట్టెలు తీయడానికి మనసొప్పకపోతే వదులైనవి పెట్టుకోండి. వాపు వస్తే కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుని పడుకోండి గాని, నీరు తీసే మాత్రలు సొంతంగా వేసుకోకండి. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడటానికి ఇచ్చే అసిటజోలమైడ్ మాత్ర కావాలా వద్దా అన్నది మీ డాక్టరు తేల్చాలి, సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. వాపుతో పాటు తగ్గని తలనొప్పి, వాంతులు, నడకలో తూలు, కూర్చున్నా ఆయాసం, దగ్గు కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దిగిపోవాలి.

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. నాకు 31 ఏళ్ళు. అత్తగారితో ముక్తినాథ్ యాత్రకు వెళ్తున్నాను. నెలసరి వాయిదా పడటానికి మాత్రలు వాడవచ్చా? వాటివల్ల ఒళ్ళు నీరు పడుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమేనమ్మా. సాధారణంగా ఇచ్చే నోర్‌ఎథిస్టరోన్ కొందరిలో ఒళ్ళు ఉబ్బరం, రొమ్ముల్లో బరువు కలిగిస్తుంది. అంతకంటే పట్టించుకోవలసిన సంగతి వేరే ఉంది. ఈ మందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ముక్తినాథ్ లాంటి 3,700 మీటర్ల పైచిలుకు ఎత్తులో రక్తం చిక్కబడి, గంటల తరబడి బస్సులో కదలకుండా కూర్చునేవారికి అది చిన్న విషయం కాదు. మీకు గాని మీ ఇంట్లో ఎవరికైనా గాని కాలిలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్), పొగతాగే అలవాటు ఉన్నా ఈ మాత్ర వద్దు. అవేవీ లేకపోతే మందులషాపులో అడిగి కొనుక్కోకుండా స్త్రీవైద్య నిపుణురాలిని కలిసి, నెలసరికి మూడు రోజుల ముందు మొదలుపెట్టేలా రాయించుకోండి. ప్రయాణంలో గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే దాన్ని ఎత్తు వల్ల వచ్చిన వాపనుకుని ఊరుకోకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి.