మీ ప్రశ్న – మా జవాబు: గాలిదీవి సంగతులు

స్కాట్లాండుకు పడమట, అట్లాంటిక్ సముద్రంలో సెయింట్ కిల్డా అనే దీవులున్నాయి. దగ్గరి ఊరికి వెళ్లాలన్నా అరవై కిలోమీటర్ల పైనే సముద్రం దాటాలి. వాటి గురించి గత సంచికలో వేసిన వ్యాసం చూసి వచ్చిన ప్రశ్నలివి.

ప్రశ్న: మాకు నెత్తళ్లు ఎండాలంటే ఉప్పూ ఎండా రెండూ కావాలి. రెండు రోజులు ముసురు పడితే పురుగే. ఎప్పుడూ వానలుండే ఆ దీవిలో మాంసం ఎలా నిలవ చేశారండీ? (కొత్తపట్నం, ప్రకాశం జిల్లా)

జవాబు: ఎండ చేసే పని గాలితో చేయించారు. అందుకు కట్టుకున్నవే 'క్లీట్' అనే రాతి గూళ్లు. ప్రధాన దీవి హిర్టా మీదే 1,200 పైచిలుకు ఉన్నాయి. మట్టీ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, పైకి పోయేకొద్దీ గోడల్ని లోపలికి దగ్గర చేసేవారు. నెత్తిన పలక బండలు పరిచి, వాటిపైన వేళ్లతో సహా తవ్వి తెచ్చిన గడ్డిపెళ్లలు కప్పేవారు. వాన పెళ్లల్లోకి ఇంకుతుంది, గాలి రాళ్ల సందుల్లో దూరి పోతుంది. సందులు పూడితే లోపల చెమ్మ నిలిచి సరుకు కుళ్లుతుంది. పెళ్లలు చెదిరితే కప్పు కారుతుంది.

1697లో అక్కడికి వెళ్లిన స్కాట్లాండు రచయిత మార్టిన్ మార్టిన్ చెప్పిన ప్రకారం, ఉప్పు లేకపోవడంతో గానెట్ అనే పెద్ద సముద్రపు పక్షులను వీపు వైపు చీల్చి ఈ గూళ్లలో ఏడాది దాకా ఉంచేవారు. గుడ్లకైతే అడుగునా చుట్టూ గడ్డిపెళ్లలు కాల్చిన బూడిద పోసేవారు. 6 నుంచి 8 నెలలు ఆగేవట. చుట్టూ సముద్రమే అయినా వాళ్లు చేపల కంటే పక్షుల్నే నమ్ముకున్నారు. ఏ గాలికైనా పడవను కాచే రేవు అక్కడ లేదు మరి.

మీరు మాత్రం ఈ గూడు కట్టి చూడకండి. అక్కడి చలి సగం పని చేసింది. మన ఉక్కకు చేప ఆరేలోపే చెడుతుంది.

ప్రశ్న: 1989 నవంబరు తుఫాను మా దగ్గరే తీరం దాటింది. రేకుల కప్పంటే ఇప్పటికీ గుండె దడ. ఆ దీవిలో ఏ కప్పు నిలిచింది? (కావలి)

జవాబు: పాత ఇళ్ల కప్పే. రెండు వరసల రాళ్ల మధ్య మట్టి కూరిన లావు గోడ, దాని లోపలి అంచు మీద కప్పు. అంటే చూరు బయటికి రాదు, గాలికి పట్టు దొరకదు. పైన గడ్డి, దాన్ని బిగించిన తాళ్లు. 1860 తుఫాను తర్వాత 16 కొత్త ఇళ్లు కట్టి జింకు రేకులు మేకులతో కొట్టారు. గాలివానకు అవి లేచిపోయాయి. తర్వాత తారు పూసిన ఫెల్టు (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) వేసుకోవాల్సి వచ్చింది.

గాలి రేకును ముందు అంచుల దగ్గరా కొప్పు దగ్గరా లేపుతుంది. కాబట్టి చూరు అడుగున్నర దాటనివ్వకండి. మేకులు ఊడివస్తాయి, వాటి బదులు కింది దూలాన్ని పట్టుకునే జె-బోల్టులు వేయించండి. అంచు వరసల్లో వాటిని మరింత దగ్గరగా బిగించమనండి.

ప్రశ్న: చలికాలంలో ఆపదొస్తే కబురెలా పంపేవారు? (ముత్తుకూరు)

జవాబు: 1877 జనవరిలో ఓడ పగిలి ఆస్ట్రియా నావికులు అక్కడ చిక్కుకున్నారు. అప్పుడు దీవిలో ఉన్న జాన్ శాండ్స్ అనే పాత్రికేయుడు ఒక సీసాలో ఉత్తరం పెట్టి, దాన్ని ప్రాణరక్షక చక్రానికి కట్టి వదిలాడు. అది తొమ్మిది రోజులకు స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో తేలింది. ఫిబ్రవరిలో వాళ్లను తీసుకెళ్లే ఓడ వచ్చింది. ఆ తర్వాత దీవివాళ్లు చెక్కను పడవలా తొలిచి, అందులో ఉత్తరం మూసి, తేలడానికి గాలి ఊదిన గొర్రె మూత్రాశయాన్ని కట్టి పంపేవారు. వాయవ్యపు గాలి తోలేటప్పుడే వదిలేవారు.