చిల్లు కానీలకు ఆకుపచ్చ జిగురు: చింతపండు జోలికి పోకండి

పర్లాకిమిడి తమ్ముడూ, తాతగారి పెట్టెలో దొరికిన 1944 నాటి కొత్త చిల్లు కానీలకు ప్లాస్టిక్ కవరులో ఆకుపచ్చ జిగురు పట్టిందన్నావు. చింతపండుతో తోమితే జిగురుతోపాటు టంకశాల మెరుపూ పోతుంది, మళ్లీ రాదు. మా బరంపురంలో ఇత్తడి బిందెల్లా తోమి నేనూ ఓ పది కానీలు పాడుచేశాను!

తప్పు ఆ పీవీసీ (మెత్తటి ప్లాస్టిక్) కవరుదే. గాజు గిన్నెలో శుద్ధమైన అసిటోన్ (ఆ జిగురును కరిగించే ద్రావకం) పోసి, నాణేన్ని కాసేపు ముంచి తీసి, రుద్దకుండా ఆరనివ్వు. గోళ్ల రంగు తుడిచేది వద్దు, అందులో వేరేవి కలుస్తాయి. కిటికీలు తెరువు, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు.

ఆరాక అంచులు పట్టుకుని, ఏటవాలు వెలుతురులో పది రెట్ల భూతద్దంతో చూడు. కిరీటం, ఆకుల దండ ఎత్తులు మొద్దుబారకుండా, తిప్పితే మెరుపు చక్రంలా తిరిగితే అది చేతులు మారనిదే. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం కంచు తెగులు (కంచును తినేసే తుప్పు), దాన్ని వేరుగా పెట్టు.

దాచడానికి మైలార్ (పీవీసీ లేని పాలిస్టర్ పొర) కవర్లు, మూత బిగుతైన డబ్బా, చెమ్మ పీల్చే సిలికా జెల్ చాలు. రబ్బరు బ్యాండ్లు వద్దు. మన వానాకాలపు చెమ్మకి జెల్ రంగు మారగానే మార్చేయి.