పతి, పత్తి: ల్యాబ్‌కి వెళ్ళే ముందు

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ఎం.ఏ.లో ధ్వనిశాస్త్రం ల్యాబ్ తీసుకున్నావనీ, ఏ మైకు కొనాలో అడుగుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. మైకు సంగతి తర్వాత. ముందు ఒక చిన్న ప్రశ్న పట్టుకో. "తెలుగు హల్లుల మీద పరిశోధన" అంటే ప్రశ్న కాదు. పత్తిలో త్త, పతిలో త కంటే ఎంతసేపు ఎక్కువ నిలుస్తుంది, దాని ముందున్న అకారం నిడివి కూడా మారుతుందా? ఇది ప్రశ్న. దీనికి మిల్లీసెకన్లలో జవాబు దొరుకుతుంది.

ఆ తర్వాత పదాల జాబితా. ప్రాజెక్టులు ఎక్కువగా చెడేది ఇక్కడే. పతి, పత్తి మంచి జత. గుడి, గుడ్డి కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి. కానీ రెండచ్చుల మధ్య ఒంటి డ పలికేటప్పుడు నాలుక గట్టిగా ఆనదు, అలా తట్టి వెళ్ళిపోతుంది. అక్కడ తేడా నిడివిలోనే కాదు, పలికే తీరులోనూ ఉంది. రెండు జతలనీ కలిపి సగటు తీస్తే నువ్వు కొలిచిందేమిటో నీకే తెలియదు.

పదాన్ని ఒంటరిగా పలికించకు, ఎప్పుడూ ఒకే వాక్యంలో పెట్టు. ఇంగ్లిష్ పాఠాల్లో చూసి "నేను పత్తి అన్నాను" అని పెట్టావనుకో, మనవాళ్ళు సంధి చేసి "పత్తన్నాను" అనేస్తారు. నీ ఇకారం కాస్తా పోతుంది. "నేను పత్తి చదివాను" నయం, అర్థం లేకపోయినా ఫరవాలేదు. పతి, పత్తి పక్కపక్కన రానివ్వకు. వస్తే అవతలివాళ్ళకి నీ ఉద్దేశం తెలిసిపోయి ఒత్తి మరీ పలుకుతారు. మధ్యలో సంబంధం లేని పదాలు కలుపు. జాబితా మొదట్లో, చివర్లో కూడా అవే ఉండాలి, ఎందుకంటే చివరి పదం దగ్గర గొంతు దానంతటదే దిగిపోతుంది.

ఇంకొకటి. చదువుకున్నవాళ్ళు కాగితం చేతిలోకి రాగానే వార్తలు చదివే గొంతు తెచ్చుకుంటారు. మామూలు మాటల్లో వదిలేసే ఒత్తులన్నీ అప్పుడు బయటికొస్తాయి. నీ ప్రశ్న ఖ, ఘ, భ లాంటి వాటి మీదైతే బొమ్మలు చూపించి చెప్పించు. "నా తెలుగు అంత బాగోదమ్మా" అని టెన్షన్ పడేవాళ్ళకి ఇది పరీక్ష కాదని ముందే చెప్పు, అనుమతి పత్రం కూడా అప్పుడే తీసుకో. ఫైలుకి వాళ్ళ పేరు పెట్టకు, కోడ్ పెట్టు.

రికార్డింగు గురించి పెద్దగా లేదు. ఫ్యాను ఆపాలి, ఏప్రిల్‌లో అయినా సరే. పరుపులు, కర్టెన్లు ఉన్న గది మంచిది. మైకు నోటికి ఎదురుగా కాదు, కాస్త పక్కకి. లేకపోతే ప అన్నప్పుడల్లా ఊపిరి కొడుతుంది. వేవ్ ఫైలు, శాంప్లింగ్ రేటు (సెకనుకి తీసే నమూనాలు) 44,100 హెర్ట్జ్, ఒక్కో నమూనాకి 16 బిట్లు. ఎంపీత్రీ వద్దు.

కొలవడానికి ప్రాట్ చాలు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన బూర్స్మా, వీనింక్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. కొలతలు వాటంతటవే తీసే స్క్రిప్టుల జోలికి అప్పుడే పోకు. మొదట చేత్తో కొలువు. అకారం ఎక్కడ ఆగిందనడానికి ఒక నియమం పెట్టుకో, రెండో ఫార్మంట్ (ప్రాట్ బొమ్మలో అచ్చు దగ్గర కనిపించే నల్లటి పట్టీల్లో కింది నుంచి రెండోది) చెరిగిపోయిన చోటు అనుకో, దాన్ని నోటుబుక్కులో రాసిపెట్టు. వారం తర్వాత పాత అంకెలు చూడకుండా కొన్నింటిని మళ్ళీ కొలువు. రెండుసార్లకీ బాగా తేడా వస్తే నియమం సరిగా లేదన్నమాట. ఎప్పుడైనా అచ్చుల ఫార్మంట్లు కొలవడానికి వెళ్తే, ప్రాట్ వాటిని వెతికే పై హద్దు మగవాళ్ళకి 5,000, ఆడవాళ్ళకి 5,500 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టు. అందరికీ ఒకటే ఉంచితే తప్పుడు అంకెలొస్తాయి.

లెక్కల్లో ఒక్క జాగ్రత్త: పదిమంది ఐదేసిసార్లు పలికితే అది యాభైమంది పలికినట్టు కాదు.

పాత పేపర్లు చదువు. 1964లో లిస్కర్, ఆబ్రమ్‌సన్ పదకొండు భాషల స్పర్శాల్ని (క, ట, ప లాంటివి) కొలిచారు. అందులో తమిళం, హిందీ, మరాఠీ ఉన్నాయి. 1983లో లాడెఫోగెడ్, భాస్కరరావు ఎక్స్‌రేలతో హిందీ, తమిళం, తెలుగు ట-వర్గాన్ని పోల్చారు. మన ట-లో నాలుక బాగా వెనక్కి మడిచి, దాని అడుగుభాగం అంగిలికి ఆనుతుందని అక్కడ చూస్తావు. ఫలితాల కంటే ముందు, వాళ్ళు ఎవరిచేత ఏం పలికించారో చదువు.

అందర్నీ పిలిచే ముందు ఒక్కరితో రికార్డు చేసి, కొలిచి, గ్రాఫు గీసేదాకా వెళ్ళి చూడు. దానికంటే ముందు పదాల జాబితా నాకు పంపు. రికార్డింగులన్నీ అయ్యాక పంపితే నేను చేయగలిగేది తక్కువ.

ఇట్లు,
పెదనాన్న