ఇంప్లాంట్ నేర్వాలంటే పన్ను తీసే దగ్గరే మొదలవ్వాలి

ప్రశ్న: మా పాప తిరుపతిలో బీడీఎస్ అయిపోయి హౌస్ సర్జన్ చేస్తోంది. తుంటి ఎముక తీసి దవడకు వెయ్యాలనేసరికి వాళ్ల అవ్వ ఇంప్లాంటే (దవడ ఎముకలో దించే కృత్రిమ పంటి వేరు) వద్దనేసింది. అంత కోత లేకుండా దవడ ఎముక పెంచే పద్ధతులే నేర్చుకుంటానంటోంది పాప. మూడు రోజుల సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టమంటారా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఇప్పుడే కట్టొద్దండి. పాప కోరిక మాత్రం చాలా మంచిది. ఇంట్లో మనిషి భయాన్ని చూసి పుట్టిన కోరిక, అంత తేలిగ్గా పోదు.

ఈ పని మొదలయ్యేది ఇంప్లాంట్ రోజున కాదు, పన్ను పీకిన రోజున. పన్ను పోతే దాన్ని పట్టుకున్న ఎముక కరుగుతుంది. తొలి ఏడాదిలోనే వెడల్పు సగం దాకా తగ్గొచ్చు. ముందు పళ్లకు బయటివైపు ఉండే ఎముక గోడ చాలామందికి 1 మిల్లీమీటరు కూడా ఉండదు, గుడ్డు పెంకే అనుకోండి. తొందరపడి పట్టకారుతో వంచితే చిట్లుతుంది. గోడ చెదరకుండా పన్ను తీసి, ఆ గుంతలో ఎముక పొడి నింపి మూస్తే, తర్వాత పెద్ద ఆపరేషన్ తప్పిపోయే అవకాశం ఎక్కువ. హౌస్ సర్జన్ చేతికి రోజూ వచ్చే పని ఇది. పాప దీన్ని చిన్నచూపు చూడకూడదు.

పై దవడ వెనక పళ్ల దగ్గర సైనస్, అంటే ఎముకకు పైనుండే గాలి గది, అడ్డొస్తుంది. పాత పద్ధతిలో ఎముకకు పక్కనుంచి కిటికీ కోస్తారు. 1994లో సమ్మర్స్ అనే దంతవైద్యుడు ప్రచురించిన పద్ధతిలో ఇంప్లాంట్ కోసం వేసే రంధ్రంలోంచే సన్నటి పనిముట్టుతో మెల్లగా తట్టి సైనస్ పొరను పైకి లేపుతారు. 5, 6 మిల్లీమీటర్ల ఎముక మిగిలినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. మరీ తక్కువుంటే కిటికీయే దిక్కు. అయితే ఇందులో పొర కంటికి కనబడదు, చేతికే తెలియాలి. ఆ చెయ్యి ప్లాస్టిక్ దవడ మీద మూడు రోజుల్లో రాదు.

అందుకని దంతవైద్యంలో పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్ రాయించండి. ఎండీఎస్ మూడేళ్ల కోర్సు. ఓరల్ సర్జరీ అయినా మంచిదే, నన్నడిగితే చిగుళ్లు, పన్నును పట్టుకునే ఎముక గురించి నేర్పే పెరియోడాంటిక్స్ అంటాను. కాలేజీ ఎంచుకునే ముందు అక్కడి పీజీలు సొంతంగా ఎన్ని ఇంప్లాంట్లు పెట్టారో అడిగి తెలుసుకోండి.

అవ్వకు దవడ ఎముకను అన్నివైపుల నుంచీ చూపే సీబీసీటీ స్కాన్ తీయించి మరో డాక్టరుకు చూపించండి. ఎముక బాగా పోయినవాళ్లకే తుంటి దాకా వెళ్తారు. పొట్టి ఇంప్లాంట్లతోనే సరిపోతుందేమో అడగండి. షుగర్ ఉన్నా, ఎముకల బలానికి మందులు వాడుతున్నా ముందే చెప్పండి. ఆ రోజు పాపను కూడా పక్కనే కూర్చోబెట్టండి.